బాడిస మీద ఊరిపేరు

మా ఇంట్లో ఒక బాడిస ఉంది.
పిడి రెండుసార్లు మారింది, ఇనుము మారలేదు.
కోట వీధిలో పుట్టిన ప్రతి కుంభం వాడూ
దాంతో ఒక్కసారైనా వేలు కోసుకున్నవాడే.
మా నాయన దాన్ని ముట్టేముందు చెప్పులు విప్పేవాడు.
నానమ్మ మాత్రం
దాని మడమతో కొబ్బరికాయలు కొట్టేది.

ఇనుము మీద ఇంగ్లీషు అక్షరాలు,
తుప్పు తినగా మిగిలినవి:
ఎస్. కూంబ్స్. సేలం.

కూంబ్స్ మా వీధి నోట్లో నాని
కుంభం అయింది. అది సరే.
సేలం అంటే మాకు తెలిసింది ఒక్కటే,
అరవ దేశంలో మామిడిపళ్ల సేలం.
మా నాయన ఒక వేసవిలో రైలెక్కి వెళ్లాడు,
చుట్టాలని వెతకడానికి.
నాలుగు రోజులకి తిరిగొచ్చాడు,
బుట్టెడు మామిడిపళ్లతో, రెండు స్టీలు పళ్లేలతో.
"మనవాళ్లెవరూ లేరక్కడ" అన్నాడు,
అందరూ ఊరొదిలి పోయినట్టు.

నేను హార్బరులో క్రేను నడిపాను, ముప్పైఒక్క ఏళ్లు.
గంధకం దింపుతుండగా ఓ రాత్రి
ఓడ ఇంజనీరు ఒకడు అట్లాసు తెరిచి
వేలు పెట్టి చూపించాడు:
ఇంకో సముద్రం, దాని అవతలి ఒడ్డు,
అమెరికా పై అంచున గోరంత సేలం.
అక్కడ ఒకప్పుడు
మిరియాల కోసం ఓడలు కట్టేవారట.
నాయన అప్పటికి పోయి ఆరేళ్లు.
మామిడిపళ్ల సంగతి తలుచుకుని
క్రేను కేబిన్‌లో ఒక్కణ్నే నవ్వుకున్నాను, తర్వాత నవ్వాగిపోయింది.

నానమ్మకి తెలిసిన కథ ఇంతే:
"ఆడికి వొళ్లు కాలిపోతంటే
ఓడ ఆణ్ని ఒగ్గేసి ఎలిపోనాది.
మన ముసిల్ది గంజి పోసినాది. ఉండిపోనాడు.
ఇంకేటి కావాలి నీకు?"

నాకు కావాలి.
అప్పటికి ఇక్కడ రేవు లేదు.
ఓడలు దూరంగా లంగరేస్తే
అలల మీంచి మనుషుల్ని మోసుకొచ్చేవి మాసూల పడవలు,
ఒక్క మేకు లేకుండా
కొబ్బరి తాడుతో కుట్టిన పలకలు.
జీవితమంతా మేకులు కొట్టిన ఓడ వడ్రంగి
జ్వరంతో ఆ పడవ అడుగున పడుకుని
కుట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాడనుకుంటాను.
ఒడ్డున ఆ కుట్లు వేసేవాడి కూతురు,
దోసిట్లో తాడు, పళ్ల మధ్య తాడు.

ఇది నా ఊహే. ఎవరూ చెప్పలేదు.

చర్చి దస్తరంలో ఆయన పేరుంది, పని ఉంది,
చనిపోయిన తేదీ ఉంది, విరేచనాలు అని కారణం కూడా ఉంది.
ఆవిడ పేరు దగ్గర
"ఈ ఊరి స్త్రీ".
అంతే. సిరా మాత్రం ఎంత నల్లగా ఉందో.

ఇద్దరు కొడుకులు.
పెద్దవాడికి పాదిరి నీళ్లు చల్లి జాన్ అన్నాడు.
చిన్నవాణ్ని ఆవిడ సింహాచలం మెట్లెక్కించి
గుండు కొట్టించి అప్పన్న అంది.
జాన్ సంతతి రైల్వేలో గార్డులై,
వాల్తేరు క్వార్టర్సులో పియానో వాయించి,
ఓ రోజు పెర్త్ ఓడెక్కేసింది.
వాళ్ల కూంబ్స్ వాళ్లతో పోయింది.
మేం అప్పన్న వాళ్లం.

గోరీల తోటలో నాలుగు ఆదివారాలు వెతికాను.
కాపలా ముసలాయన బీడీ ఆర్పకుండానే చెప్పాడు:
"అచ్చరాలున్న రాళ్లు చాకిరేవుకి పనికొస్తాయి బాబూ,
గరుకుంటాది కదా."
అయితే ఆయన పేరు మీద
ఊరి దుప్పట్లు చాలానే ఉతికుంటారు.
మంచిదే.

మొన్న బాడిస పిడి మళ్లీ విరిగింది.
కొత్త తుమ్మ కర్ర చెక్కాను.
ఇనుములో దూర్చి మేకు కొట్టబోయి,
సుత్తి పక్కన పెట్టాను.
పెరట్లో చేదతాడు ముక్క ఉంటే తడిపి,
పళ్లతో పట్టి, బిగించి చుట్టాను.
ఈ ముడి నాకెవరూ నేర్పలేదు.

నిలుస్తుందో లేదో తెలీదు.
యారాడ కొండ వెనక ఏదో ఓడ కూత పెట్టింది.
నానమ్మే ఉంటే
"సాల్లే, ఆ కొబ్బరికాయ ఇలా తే" అనేది.